ఆఖరి జాడింపు నీళ్లు

సోమవారం. తువ్వాళ్లు. వేడి నీళ్లు, సబ్బు సగం.

తువ్వాళ్లు బిరుసెక్కుతున్నాయని కాన్వెంటు వంటింటి నుంచి కబురొచ్చింది. నేను సెలవులో ఉన్నప్పుడు ఎవరో మురికి ఎక్కువుందని సబ్బు ఎక్కువ వేశారు. ఆ సబ్బు పోగుల్లోనే ఉండిపోయింది. సబ్బు సగానికి తగ్గించాను. జాడింపు ఒకటి పెంచాను. డ్రమ్ము కాసేపు అటు, కాసేపు ఇటు నిదానంగా తిరిగేట్టు పెట్టాను. సాయంత్రానికి పిల్లి వీపులా మెత్తబడ్డాయి.

మిషన్‌లో కంపెనీ వాళ్లు పెట్టిన వాష్‌లు మా గుట్టకి పనికిరావు. అవి ఎండ ఉన్న రోజుల కోసం పెట్టినవి. ఆకాశానికి తెర కట్టాక బట్టలు దండెం మీద ఆరడం మా అమ్మమ్మల కాలంతోనే పోయింది. అందుకని ఒక్కో ఇంటికి ఒక్కో వాష్ నేనే కుదిర్చి పెట్టాను. గుట్ట పెద్ద ఇన్నయ్య గారికి చర్మం పగులుతుంది, కాబట్టి ఆయన బట్టలకి జాడింపులు ఎక్కువ. వంటింటి ఏప్రన్లు ముందు చన్నీళ్లలో నానాలి. వేడి తగిలితే గుడ్డు మరక పోగుని పట్టేస్తుంది. పసిపిల్లల బట్టలకి డ్రమ్ము సగమే నింపాలి. బట్టకి బట్ట రాసుకుంటే నూగు లేస్తుంది.

ఈ లాగ్ రాయమన్నది సిస్టర్ అనస్తాసియా. నేను మనుషులతో మాట్లాడనని ఆవిడకి బెంగ. "చేసిన పని రాయి జసింతా. అనిపించింది రాయకు. అది తర్వాత చూద్దాం," అంది.

బుధవారం. తెల్లదారం కట్టిన మూట.

చిన్నప్ప బట్టలు వచ్చాయి. పోయినవాళ్ల మూటకి తెల్లదారం కడతాం. పోయిన శుక్రవారం గాలిమర రెక్కల మీద పేరుకున్న మంచు కొట్టడానికి స్తంభం ఎక్కి పడిపోయాడు. గుడిలో మూడింటి గంట కొట్టిన కాసేపటికి. సమాధుల పండుగ వెళ్లి వారం కూడా కాలేదు. సమాధుల మీది కొవ్వొత్తులు ఇంకా తీయలేదు.

అన్నీ ఎరుక నూలు బట్టలే. మా అందరివీ అవే. ఈ నూలు ఒంటి కదలికతో వేడెక్కుతుంది. తొడుక్కున్న మనిషికి ఎక్కడ చలో కొన్ని వారాల్లో నేర్చుకుని అక్కడ ఎక్కువ వేడి ఇస్తుంది. ఇన్నయ్య గారి బట్టలు మోకాళ్ల దగ్గర, నావి వేళ్ల దగ్గర. నేసే మిల్లు ఎప్పుడో మూతబడింది. కొత్త గుడ్డ రాదు. కాబట్టి పోయినవాళ్ల బట్టలు మరుపు వాష్‌లో వేయాలి. మరిగే నీళ్లు, పటిక, పొడవాటి స్పిన్. బట్ట తన మనిషిని మరిచిపోతుంది. తర్వాత ఉమ్మడి బీరువాలోకి వెళ్తుంది. మరిచాక ఒక్క బట్ట మాత్రం ఇంటివాళ్లు గుర్తుగా తీసుకోవచ్చు.

నేను మూట విప్పుతుంటే చిన్నప్ప వాళ్లమ్మ శౌరమ్మ పిన్ని వచ్చింది. వంటింట్లో రొట్టెలు కాల్చే పని ఆవిడది. చేతులకి పిండి అలాగే ఉంది.

"ఏమే జసింతా, ఆ ఇటుకరంగు చొక్కా కూడా ఉడకబెడతావా?"

"రూలు పిన్నీ."

"రూలు నాకు తెలీదా. వాడు రూలు ప్రకారమే నడుముకి తాడు కట్టుకుని ఎక్కాడు." చొక్కా నా చేతిలోంచి తీసుకుని గట్టిగా ఒకసారి విదిలించింది. నా అరచెయ్యి పట్టుకుని ఎడమ భుజం మీద పెట్టింది. "చూడు."

వెచ్చగా ఉంది. ఆ ఒక్క చోటే.

"చిన్నప్పుడు మెట్ల మీంచి దొర్లాడు. చలి ముదిరితే అక్కడే సలిపేది వాడికి. ఇంకేమీ అడగను. ఈ ఒక్కటి నాకు ఇట్లానే ఇవ్వు. మురికి మాత్రం పోవాలి. మసి చొక్కా తొడుక్కుని తిరిగితే వాడు నన్ను వెక్కిరిస్తాడు."

మిగతావన్నీ మరుపు వాష్‌లో వేశాను. చొక్కాకి వేరే వాష్ కుదిర్చాను. వేడి తీసేశాను. పటిక తీసేశాను. చన్నీళ్లు, ఎక్కువసేపు నానడం, ఊయల ఊగినంత నెమ్మదిగా డ్రమ్ము. మసి పోయింది. భుజం వెచ్చదనం పోలేదు. చీటీ మీద 'మరిచింది' అని ముద్ర వేసి పిన్నికిచ్చాను. ఆవిడ అక్కడే చీర మీద తొడుక్కుంది. చేతులు పొడవైపోయాయి. మడవలేదు.

ఆఖరి జాడింపు నీళ్లు ఎప్పటిలాగే తొట్టిలోకి వదిలాను. తర్వాతి విడతకి మొదటి నీళ్లు అవే. మా గుట్టలో నీళ్లు పారబోసే అలవాటు లేదు.

తర్వాతి విడత మెత్తటి బట్టలు. తెరెజ వాళ్ల పాప దుప్పటి, ఇన్నయ్య గారి బనీన్లు, నా స్వెట్టర్.

శనివారం. దుప్పట్లు.

మిషన్ ఎదురుగా బల్ల ఖాళీగా ఉంది. శనివారాలు చిన్నప్ప తన బట్టలు తెచ్చుకుని అక్కడ కూచునేవాడు. గుట్టలో అందరూ మూట పడేసి వెళ్లిపోతారు. అతను అయ్యేదాకా ఉండేవాడు.

దుప్పట్లు బాగానే వచ్చాయి.

గురువారం. బనీన్లు.

ఇన్నయ్య గారు స్వయంగా వచ్చారు.

"అమ్మాయ్, నాకు చలి ఎక్కడ?"

"మోకాళ్లలో అండి."

"మరి నీ మిషను నా ఎడమ భుజానికి కుంపటి పెట్టిందేం? మోకాలికీ భుజానికీ తేడా తెలీదా దానికి?"

పక్కనే నీళ్ల బిందె దించుతున్న తెరెజ నవ్వింది. "మీ వయసుకి ఏదో ఒకచోట వేడి ఉందని సంతోషించక, ఇన్నయ్య తాతా."

"నువ్వు ముందు నీ పిల్లకి పేరు పెట్టు. తర్వాత నాకు బుద్ధులు చెబుదువుగాని."

తెరెజ నవ్వు ఆపేసింది. "దాని దుప్పటి కూడా అంతే తాతా. ఎడమ పక్కే వెచ్చగా ఉంటోంది. నేనే సరిగ్గా చుట్టడం లేదేమో అనుకున్నా."

మిషన్ జల్లెడ తీసి చూశాను. నూగు ఎప్పుడూ బూడిదరంగులో ఉంటుంది. ఈసారి అందులో ఇటుకరంగు పోగులున్నాయి, వెంట్రుక కన్నా సన్నగా.

జరిగింది అర్థమైంది. మరుపు వాష్‌లో మరిగే నీళ్లు బట్టనే కాదు, రాలిన నూగుని కూడా చంపుతాయి. అందుకే ఆ నీళ్లు దాచుకున్నా ఇన్నాళ్లూ ఏమీ కాలేదు. నేను వేడి తీసేశాను. నీళ్లు మాత్రం అలవాటు ప్రకారం దాచాను. చిన్నప్ప నూగు ప్రాణంతోనే తొట్టిలోకి వెళ్లింది. అక్కణ్ణుంచి అందరి బట్టల్లోకి.

ఎవరికీ చెప్పలేదు. భుజం వెచ్చగా ఉంటే ఎవరికి నష్టం అనుకున్నాను.

సోమవారం. ఏమీ ఉతకలేదు.

నష్టం ఏమిటో తెలిసింది.

మూడింటి గంట కొట్టింది. గుడి ముందు ఆడవాళ్లు మోకాళ్ల మీదున్నారు. ప్రార్థన సగంలో అందరూ ఒక్కసారే ఆగిపోయారు. నేను వెనక వరసలో ఉన్నాను. ముందు గుండె దగ్గర బట్ట చురుక్కుమని కాలింది. ఆ వెంటనే ఒంటి మీదున్నదంతా చల్లబడింది. వెచ్చదనం తగ్గడం కాదు. బట్ట చచ్చిపోయినట్టు. దీపం ఆర్పినట్టు. కొన్ని ఊపిర్ల తర్వాత మళ్లీ వేడి వచ్చింది.

ఒక ముసలావిడ శిలువ గుర్తు వేసుకుంది. శౌరమ్మ పిన్ని ఒక్కతే తల తిప్పి గాలిమర వైపు చూసింది. చొక్కా ఆవిడకి రోజూ అదే సమయానికి చల్లబడుతోందని తర్వాత చెప్పింది. "అది నా ఒక్కదానికే అనుకున్నా," అంది. "నాకే పంపుతున్నాడనుకున్నా."

బట్ట అతని భుజం నొప్పి నేర్చుకుంది. అతను పడడం కూడా నేర్చుకుంది.

బుధవారం. గుడ్డముక్కలు. పరీక్ష.

చలి రోజురోజుకీ ఎక్కువసేపు ఉంటోంది. ఒళ్లు వణికితే బట్ట ఆ వణుకుని కూడా నేర్చుకుంటుంది. మర్నాడు ఇంకాస్త గట్టిగా అప్పజెబుతుంది. పెద్దవాళ్లం ఓర్చుకుంటాం. కుంపటి దగ్గరికి పోతాం. ఇవాళ తెరెజ పాపని ఎత్తుకుని పరిగెత్తుకొచ్చింది. పాప పెదవులు నేరేడు పండు రంగులో ఉన్నాయి. శౌరమ్మ పిన్ని ఆ పిల్లని రొట్టెల పొయ్యి దగ్గర పెట్టుకుని రుద్దుతూ, "ఏడవ్వే, ఏడవ్వే ఉల్లిగడ్డ ముక్కుదానా, నీకు దండం పెడతా ఏడువు," అంటూనే ఉంది. చాలాసేపటికి ఏడ్చింది.

ఇన్నయ్య గారి దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. ఆయనకి వినపడలేదు. రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. "గుట్టలో ఉన్న ప్రతి బట్టా మరుపు వాష్‌లో వెయ్," అన్నారు.

"వేస్తే నడిశీతాకాలంలో అందరికీ ఏమీ తెలియని గుడ్డలే మిగులుతాయండి. మళ్లీ నేర్చుకోవడానికి వారాలు పడుతుంది. అంతవరకూ పాప ఆగదు."

"వెయ్యకపోయినా ఆగదు కదమ్మా."

"ఇంకో దారి ఉందేమో చూస్తానండి."

"ఆదివారం దాకా చూడు. ఈలోపు పాప పొయ్యి దగ్గరే ఉంటుంది."

శుక్రవారం. గుడ్డముక్కలు. చన్నీళ్లు.

నూగు పట్టిన గుడ్డముక్కల్ని రకరకాలుగా ఉతికి చూశాను. వేడి పెంచితే అన్నీ మరిచిపోతున్నాయి. సబ్బు పెంచితే ఏమీ కావడం లేదు. వేగంగా తిప్పితే నూగు ఇంకా లోపలికి దిగిపోతోంది. చివరికి ఆ రోజు చొక్కాకి పెట్టిన వాష్‌నే పెట్టాను. ఎక్కువసేపు నానడం, ఊయల ఊపు. ఇటుకరంగు పోగులు వాటంతట అవే ఊడి నీళ్లలో తేలాయి. కానీ స్పిన్ మొదలవగానే ఏ గుడ్డ దగ్గరుంటే దానికి అతుక్కున్నాయి.

బల్ల కింద చిన్నప్ప మేజోడు ఒకటి కనిపించింది, మూట విప్పినప్పుడు జారిపడి మరుపు వాష్ తప్పించుకున్నది. దాన్ని కూడా డ్రమ్ములో వేసి అదే వాష్ పెట్టాను. తీసి చూస్తే గుడ్డముక్కలు తెల్లగా ఉన్నాయి. పోగులన్నీ మేజోడు మీదే ఉన్నాయి. తెలియని గుడ్డ కన్నా తెలిసిన గుడ్డ దగ్గరికి పోతున్నాయి.

మేజోడు చాలదు. చొక్కా కావాలి.

శుక్రవారమే. వంటింట్లో.

శౌరమ్మ పిన్ని రొట్టెలు తిరగేస్తోంది. పాప ఆవిడ పక్కనే పిండి బుట్టలో పడుకుని ఉంది. నేను చెప్పాల్సింది చెప్పాను. ప్రతి విడతతో పాటు చొక్కా కూడా డ్రమ్ములో తిరగాలి. అందరి బట్టల్లోంచి నూగు చొక్కాలోకి వచ్చేస్తుంది. అందరి బట్టలూ ఎవరివి వాళ్లకి గుర్తుంటాయి. పాప దుప్పటి కూడా.

"మరి చొక్కా?"

"ఇన్నయ్య గారు ఉడకబెట్టమన్నారు. లేకపోతే మళ్లీ మొదలవుతుందని."

"నువ్వే ఇచ్చి, నువ్వే అడుగుతున్నావు."

"అవును పిన్నీ."

ఆవిడ పాప వైపు చూసింది. "ఈ ముక్కు చూశావా? దీనికి ఎవడు తాళి కడతాడే తల్లీ," అంది. తర్వాత చొక్కా విప్పి నా చేతిలో పెట్టింది. విప్పాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు నిలబడింది.

ఆదివారం నుంచి. అన్ని ఇళ్లవీ. చన్నీళ్లు, చొక్కాతో.

ఒక్కో విడతకీ చొక్కా బరువెక్కుతున్నట్టుంది. రంగు ముదిరింది. భుజం దగ్గర పట్టుకుంటే చెయ్యి కాలుతోంది.

మూడింటి గంటకి డ్రమ్ము తిరుగుతూ ఉంది. లోపల ఏదో దబ్బున పడ్డట్టు ఒక్కసారి మోగింది. తర్వాత మిషన్ అద్దం మీద లోపలి నుంచి మంచు పట్టింది. ఆకులు ఆకులుగా. నేను బల్ల మీద కూచుని అది కరిగేదాకా చూశాను.

ఇళ్లలో ఎవరికీ చలి పుట్టలేదట. ఇన్నయ్య గారు మోకాలు తట్టి చూపించారు.

శనివారం. ఇటుకరంగు చొక్కా. మరుపు వాష్.

పాప దుప్పటి కూడా శుభ్రమైంది. ఇక చొక్కా ఒక్కటే మిగిలింది. మరిగే నీళ్లు, పటిక పెట్టాను. నేను మీట నొక్కబోతే శౌరమ్మ పిన్ని నా చెయ్యి తీసేసింది.

"నేను నొక్కుతా. వాడికి మొదటి స్నానం నేనే పోశా."

నొక్కింది. డ్రమ్ము తిరిగినంతసేపూ నిలబడే ఉంది. తీశాక చొక్కా లేత గులాబీ రంగుకి తిరిగింది. ఆవిడ విదిలించి, భుజం మీద చెయ్యి పెట్టి చూసుకుని, మడిచి చంకలో పెట్టుకుంది.

"గుడ్డ మంచిదే," అంది. "పాప గౌనుకి సరిపోతుంది."

మంగళవారం. పాప దుప్పటి, మళ్లీ.

తెరెజ వచ్చింది. నిన్న పాప మళ్లీ చల్లబడిందట. కాసేపే. కానీ మూడింటి గంటకే.

జల్లెడ చూశాను. శుభ్రంగా ఉంది. తొట్టి చూశాను. శుభ్రంగా ఉంది. ఇంకే ఇంట్లోనూ చలి లేదు. పాప దుప్పటి ఒక్కటే. దాని మీద ఇటుకరంగు పోగులున్నాయి, కొన్నే. దుప్పటి నా దగ్గర ఉంచుకుని, పాపని పిన్ని పాత శాలువాలో చుట్టించి మళ్లీ పొయ్యి దగ్గరికి పంపాను.

మధ్యాహ్నం శౌరమ్మ పిన్ని వచ్చింది. ఎప్పుడూ లేనిది, బల్ల మీద కూచుంది. అతను కూచునే చోట.

"పాప బట్టలు ఉతికాక తెరెజ ఇంటికి ఎవరు తీసుకెళ్తారే?"

"నేనే పిన్నీ."

"ఎట్లా తీసుకెళ్తావు?"

చేతులు చూపించబోయాను. మడిచిన బట్టలు రెండు చేతులతో గుండెకి ఆనించుకుని తీసుకెళ్తాను. అందరివీ బుట్టలో వేస్తాను. పాపవి మాత్రం వెచ్చగా ఉండాలని అట్లా తీసుకెళ్తాను. చేతులు సగం లేపి ఆగిపోయాను.

"నీ స్వెట్టర్ ఎప్పుడు ఉతికావు?" అంది.

ఆ మొదటి బుధవారం తర్వాత ఈ లాగ్‌లో నా స్వెట్టర్ సంగతి మళ్లీ రాయలేదు. చేసిన పని రాయమంది సిస్టర్. ఉతక్కపోవడం చేసిన పని కాదు. మొదటి విడత తర్వాత మర్నాటి నుంచే నా ఎడమ భుజం వెచ్చగా ఉంది. నాకు అక్కడ ఎప్పుడూ చలి లేదు. అందరి బట్టలూ చొక్కాతో వేసినప్పుడు నాది ఒంటి మీదే ఉంది.

"వాడు శనివారాలు ఇక్కడ అంతసేపు కూచున్నది బట్టల కోసమనుకున్నానా నేను?" అంది పిన్ని. "నువ్వు చదివి వినిపించిన కథలన్నీ ఇంటికొచ్చి నాకు చెప్పేవాడు. సగం తప్పులే. పోయినోణ్ణి బతికించేవాడు, పెళ్లయినోణ్ణి మళ్లీ పెళ్లికొడుకుని చేసేవాడు. నాకు పిచ్చెక్కేది."

నేను చదివేదాన్ని. నిజమే. ఏం చదువుతున్నావని మొదటిసారి అడిగితే పుస్తకం అన్నాను. అతను నవ్వాడు. తర్వాతి వారం పైకి చదవమన్నాడు. డ్రమ్ము చప్పుడు మీద వినపడాలని కొంచెం గట్టిగా చదివేదాన్ని. తలెత్తేదాన్ని కాదు. అతని ముఖం నాకు పూర్తిగా తెలీదు. చొక్కా రంగు తెలుసు. చెప్పులు తెలుసు. భుజం తెలుసు, ఇప్పుడు.

"తిడతావా పిన్నీ?"

"ఎందుకే తిట్టడం? నేను నా దాన్ని ఉడకబెట్టుకున్నా. నువ్వు నీ దాన్ని దాచుకున్నావు. ఆ బుట్టలో పిల్ల మాత్రం మనిద్దరిదీ కాదు." నా స్వెట్టర్ అంచు పట్టుకుంది. "దాన్ని ఉడకబెట్టకు. ఆ చొక్కాని ఉడకబెట్టాక నాకు నిద్ర పట్టడం లేదు. ఇంకో రకంగా పోయేట్టు చూడు."

మంగళవారమే. మూడింటికి ముందు, తర్వాత.

ఆలోచించాను. నూగు స్పిన్‌తోనే బట్టకి మళ్లీ అతుక్కుంటుంది. స్పిన్ లేకుండా, నీళ్లలో తేలుతుండగానే బట్ట తీసేస్తే? నీళ్లలోనే ఉండిపోతుంది. ఆ నీళ్లు తొట్టిలోకి వదలకూడదు. ఈ వాష్‌కి చివర ఉండదు. మిషన్‌లో అలాంటిది లేదు. సగంలో నేనే ఆపాలి.

స్వెట్టర్ విప్పబోతే పిన్ని, "ఉండు. గంట కొట్టనీ," అంది. వచ్చి నా పక్కన నిలబడి ఎడమ భుజం మీద అరచెయ్యి పెట్టింది. పిండి వాసన వచ్చింది.

గంట కొట్టింది. గుండె దగ్గర మండింది. తర్వాత ఏమీ లేదు. అంత చలి నేనెప్పుడూ ఎరగను. నా పళ్లు టకటకా కొట్టుకున్నాయి. పిన్ని చెయ్యి తీయలేదు. "అయిపోయింది నాన్నా, అయిపోయింది," అంది. నాతో కాదు.

వేడి తిరిగి వచ్చాక విప్పి డ్రమ్ములో వేశాను, పాప దుప్పటితో పాటు. చన్నీళ్లు. ఊయల ఊపు. అద్దంలోంచి పోగులు తేలడం కనపడింది. స్పిన్ మొదలయ్యే ముందు ఆపి, తలుపు తీసి, రెండింటినీ చేత్తో పైకి లాగి పిండాను. మళ్లీ నింపాను. మళ్లీ ఆపాను. నీళ్లలో ఏమీ తేలనంతవరకూ చేశాను. నీళ్లన్నీ బకెట్లలోకి పట్టాను. నీళ్లు లేత ఇటుకరంగులో ఉన్నాయి.

ఇన్నయ్య గారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. ఎప్పుడొచ్చారో తెలీదు. మేం బకెట్లు ఎత్తితే, నీళ్లు పారబోస్తున్నామని తెలిసి కూడా పక్కకి తప్పుకున్నారు.

గాలిమర స్తంభం మొదట్లో పోశాం. పోసినవి పోసినట్టే గడ్డకట్టాయి. గాలికి స్తంభం ఎప్పటిలాగే సన్నగా వణుకుతోంది. పిన్ని ఖాళీ బకెట్ బోర్లించి అడుగున తట్టింది. చివరి చుక్క కూడా పడింది.

స్వెట్టర్ ఆరాక తొడుక్కున్నాను. భుజం చల్లగా ఉంది. వేళ్లకి మాత్రం వెచ్చగా ఉంది. అది నాదే.

సోమవారం. తువ్వాళ్లు. వేడి నీళ్లు, సబ్బు సగం.

పాప బాగుంది. పేరు పెట్టారు. గులాబీ గౌను వేశారు. శనివారాలు తెరెజ దాన్ని తీసుకొచ్చి బల్ల మీద కూచుంటోంది. డ్రమ్ము తిరుగుతుంటే పిల్ల కళ్లు కూడా తిరుగుతాయి. నేను పైకి చదువుతున్నాను.

నిన్న పూజ తర్వాత గాలిమర దాకా నడిచాను. నేలంతా తెల్లగా మంచు. స్తంభం మొదట్లో అరచేయంత మేర మంచు పట్టలేదు. తడి మట్టి కనపడుతోంది. చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. ఈ నూలు కదలిక ఉంటే వేడెక్కుతుంది. స్తంభం గాలికి కదులుతూనే ఉంటుంది.

అక్కడే ఉన్నాను. మూడింటి గంట కొట్టింది. ఆ అరచేయంత చోటు కూడా తెల్లబడింది. కాసేపటికి మళ్లీ కరిగింది.

వంటింటికి వెళ్లి శౌరమ్మ పిన్నికి చెప్పాను. ఆవిడ రొట్టె తిరగేస్తూ తలెత్తలేదు.

"రోజూ వెళ్తున్నానుగా," అంది.